రాజుగారి మేడలో రైతు చదువు

గత సంచికలో మన సభ్యులొకరు జర్మనీ యాత్రా విశేషాలు రాస్తూ, స్టుట్‌గార్ట్ పక్కనున్న హోహెన్‌హైమ్ మేడను చూసి మురిసిపోయి, చివర ఒక నిట్టూర్పు విడిచారు. అంతటి బరోక్ భవనాన్ని విశ్వవిద్యాలయానికిచ్చి కుర్రకారుతో నింపడం అన్యాయమట, మ్యూజియం చేసి టికెట్టు పెట్టవలసిందట! నాకిది సుతరామూ సమ్మతం కాదు.

ఆ మేడ కట్టించింది వుర్టెంబర్గ్ ప్రభువు కార్ల్ ఒయ్‌గెన్, తన ఫ్రాన్‌జిస్కా కోసం. చేతికి ఎముక లేని ఖర్చు, అదీ సొంత సరదాలకే. 1787 నాటికి దాదాపు 2000 మంది సైనికులను డచ్చి ఈస్టిండియా కంపెనీకి అద్దెకిచ్చి డబ్బు చేసుకున్నాడు. సముద్రాలు దాటిపోయిన ఆ పల్లెటూరి పిల్లల్లో తిరిగి ఇల్లు చేరినవారు అతి కొద్దిమంది. 1793లో ప్రభువూ పోయాడు. మ్యూజియం పెడితే మనకు చూపించేది ఈయనగారి కుర్చీలూ పింగాణీ గిన్నెలే గదా?

అసలు కథ తర్వాతిది. 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. ఆకాశానికెగసిన గంధకపు పొర ఎండను అడ్డుకుని, 1816లో యూరపుకు వేసవే లేకుండా చేసింది. వుర్టెంబర్గ్‌లో పంటలు పోయి జనం ఆకలికి అల్లాడారు. కొత్త రాజు మొదటి విల్‌హెల్మ్ 1818లో ఆ హోహెన్‌హైమ్‌లోనే వ్యవసాయ విద్యాలయం పెట్టించాడు. వైద్యుణ్ణి గనుక చెబుతున్నాను, ఆకలికి మా మందుల చీటీలో మందు లేదు. విత్తనం, ఎరువు, నాగలి తెలిసినవాడి దగ్గరుంది. ఆ బడే పెరిగి పెరిగి 1967లో విశ్వవిద్యాలయమని పేరు పెట్టుకుంది.

మిత్రులు తమ వాదానికి హైదరాబాదు కోఠీ రెసిడెన్సీని కూడా సాక్ష్యం తెచ్చారు. 1949లో మహిళా కళాశాల అందులోకి వచ్చాకే పాడయిందట. దర్బారు హాలు శిథిలమైన మాట నిజమే. కాని పాడయింది ఆడపిల్లలు చదివినందుకా, మరమ్మతుకు డబ్బివ్వనందుకా? బాగుచేయిస్తే నిలబడనే నిలబడింది. 2022లో ఆ కళాశాల మహిళా విశ్వవిద్యాలయమైంది కూడా. మన సంఘంలోనే ఆ మెట్లెక్కి బి.ఎస్సీ. చదివిన ఆడవాళ్లు ఇద్దరున్నారు. మిత్రులు ఈ మాట వాళ్ల ఎదుట అనగలరా?

వచ్చే యాత్రకు హోహెన్‌హైమ్ వెళ్లేవారు ఆదివారం కాకుండా పనిరోజు చూసుకుని వెళ్లండి. పిల్లలను కూడా తీసుకెళ్లండి. ఆ మేడ చుట్టూ తోటలు తీరిగ్గా తిరగవచ్చు, టికెట్టు లేదు.