మీరేమిట్లమ్మా?

తెలుగువాళ్ళకి ప్రశ్నించడం రాదని అనేవాళ్ళు మన చిన్న ఊళ్ళలో ఓ మధ్యతరగతి ఇంటి వరండాలో ఒక్క సాయంత్రం కూర్చుని చూడాలి. తొమ్మిదో పదో చదివే అమ్మాయి కొత్త స్నేహితురాల్ని ఇంటికి తీసుకొచ్చిందనుకోండి. ఆ పిల్ల చెప్పులు విడిచిందో లేదో మన విచారణ మొదలు.

"నీ పేరేమిటమ్మా?" అంటాం. చెబుతుంది. నిజానికి ఆ పేరుతో మనకేం పని లేదు. "ఇంటిపేరో?" అంటాం. అదీ చెబుతుంది. కాని ఒక్కోసారి ఒకే ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉండి మన ప్రాణం తీస్తుంది. అంచేత "ఏ ఊరు మీది?", "ఏ వీధిలో ఉంటారు?", "మీ నాన్నగారేం చేస్తారు?", "ఆదివారం మీ ఇంట్లో ఏం వండుకుంటారు?" అంటూ చుట్టూ తిరుగుతాం. అప్పటికీ తేలకపోతే మొహమాటం పక్కన పెట్టి, "ఇంతకీ మీరేమిట్లమ్మా?" అని అడిగేస్తాం. ఆ 'ఇంతకీ'లోనే ఉంది కిటుకంతా. మొదటినుంచీ మనకి కావలసింది అదొక్కటే!

తెనాలి కానివ్వండి, జగిత్యాల కానివ్వండి, మదనపల్లె కానివ్వండి, యాస మారుతుందిగాని ప్రశ్న మారదు. ఆ ప్రశ్న అడిగేది కూడా ఎక్కువగా మన ఆడవాళ్ళమే. మగవాళ్ళు బజార్లో కనుక్కుంటారు, మనం ఇంట్లో కనుక్కుంటాం. అందుకే చెబుతున్నాను, ఈ ప్రశ్న మానేయాల్సిందీ ముందు మనమే.

"ఏదో మాటవరసకి అడుగుతాం. అంతమాత్రానికి ఇంత రాద్ధాంతమా?" అంటారు కొందరు. మాటవరసకి అడిగినదైతే జవాబు విన్నాక మన నడవడి మారకూడదు కదా! మారుతుంది. జవాబు మనకి నచ్చితే, "కూర్చో అమ్మా, అన్నం తిని వెళ్ళు" అంటాం. నచ్చకపోతే కాఫీ వేరే గ్లాసులో వస్తుంది, వంటింటి గుమ్మం దగ్గర మన చెయ్యి అడ్డంగా ఉంటుంది. ఆ పిల్ల వెళ్ళిపోయాక మన అమ్మాయితో గొంతు తగ్గించి, "చదువు విషయాలు బళ్ళో మాట్లాడుకోండి, ఇంటిదాకా ఎందుకూ?" అంటాం. తిట్టలేదు, కొట్టలేదు. కాని పద్నాలుగేళ్ళ పిల్లలకి గ్లాసు మారడం తెలియదనుకోకండి. వాళ్ళకి తెలిసినంత బాగా మనకే తెలియదు.

అసలు ఆ వయసులో స్నేహమంటే ఏమిటో మనం మరిచిపోయాం. చిన్న ఊళ్ళో ఆడపిల్లకి తనదంటూ ఏముంది? వీధిలోకి వెడితే ఫలానావారి అమ్మాయి. బళ్ళో ఫలానా అన్నయ్య చెల్లెలు. పెళ్ళిలో ఫలానావారి మనవరాలు. రేపు ఫలానావారి కోడలు. పుట్టినప్పటినుంచీ ఎవరో ఒకరి తాలూకు. దాన్ని దానిగా చూసేది ఒక్క స్నేహితురాలే. లెక్కలంటే భయమని, వానంటే ఇష్టమని, నర్సు కావాలనో లాయరు కావాలనో లోపల అనుకుంటోందని ముందు తెలిసేది దానికే. 'నేనెవర్ని?' అన్న ప్రశ్న పదమూడేళ్ళకి పుడుతుంది. దానికి జవాబు వెతుక్కునే చోటు స్నేహితురాలి పక్కన, సైకిలు నడిపించుకుంటూ ట్యూషన్‌నుంచి వచ్చే ఆ అరమైలు దారి. సరిగ్గా అక్కడ మనం అడ్డం నిలబడి, "నువ్వెవరో నాకు తెలుసు, నువ్వు మీ కులం" అని తేల్చేస్తున్నాం. ఇద్దరు పిల్లలకీ ఒక్క దెబ్బతో!

మనం నేర్పిన పాఠం పిల్లలు బడికి మోసుకెళతారు. తమిళనాడు దక్షిణ జిల్లాల బళ్ళలో కులానికో రంగు చొప్పున చేతికి తాళ్ళు కట్టుకుంటున్నారని వార్తలు చదివాం. 2023 ఆగస్టులో నాంగునేరిలో ఒక దళిత విద్యార్థిని తోటి విద్యార్థులే ఇంట్లో దూరి కత్తులతో నరికారు. అడ్డం వచ్చిన చెల్లెల్నీ వదల్లేదు. దాని తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024లో, ఆ రంగు తాళ్ళు బళ్ళోకి రానివ్వొద్దని సిఫారసు చేసింది. "అమ్మో, మన దగ్గర అలాంటివి లేవు" అని గుండెమీద చెయ్యి వేసుకోకండి. మనకి తాళ్ళెందుకు? ఇంటిపేరుంది, అది చాలకపోతే మన నోరుంది.

ఇక్కడ ఒక తల్లి లేచి, "మీకేం, చెబుతారు. స్నేహమని వదిలేస్తే రేపు ఆ పిల్ల అన్నయ్యో, క్లాసులో కుర్రాడో... ఎటు పోతుందో ఎవరికి తెలుసు? మిర్యాలగూడ మరిచిపోయారా?" అని అడుగుతుంది. మరిచిపోలేదు. 2018 సెప్టెంబరులో, ఆస్పత్రినుంచి గర్భిణి అయిన భార్యతో బయటికొస్తున్న యువకుణ్ణి పట్టపగలు నరికి చంపారు. వాళ్ళిద్దరిదీ బడి రోజులనాటి పరిచయమే. కిరాయి ఇచ్చి చంపించాడని కేసులో ప్రధాన నిందితుడైన అమ్మాయి తండ్రి 2020లో ఆత్మహత్య చేసుకున్నాడు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఇంత ఘోరం చూసి "స్నేహాలు ఇలాగే ముగుస్తాయి" అనడం ఏం న్యాయం? ఆ అబ్బాయిని చంపింది స్నేహమా? 'మీరేమిట్లు' అన్న ప్రశ్న. వరండాలో మనం నవ్వుతూ అడిగేదీ, అక్కడ కత్తి పట్టుకుని అడిగిందీ ఒకే ప్రశ్న. మనది కాఫీ గ్లాసు దగ్గర ఆగింది, అంతే తేడా.

"లోకమంతా ఇలాగే ఉంటే మేమొక్కళ్ళం ఏం చేస్తాం?" అనేవాళ్ళకీ జవాబుంది. నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, సరస్వతీ గోరా దంపతులు పుట్టింది బ్రాహ్మణ కుటుంబాల్లోనే. పిల్లలకి పెట్టుకున్న పేర్లు చూడండి: లవణం, సమరం, నియంత, మైత్రి. ఇంకో పిల్లకి తొమ్మిదో సంతానమని 'నౌ'! ఈ పేర్లు పట్టుకుని కులం కూపీ లాగమనండి చూద్దాం. వాళ్ళ పెద్దమ్మాయి మనోరమకి అంటరానివారిగా చూసే కులంలో పుట్టిన అర్జునరావుతో 1948లో సేవాగ్రామంలో పెళ్ళి చేశారు. 1960లో జాషువా కవిగారి కూతురు హేమలత వాళ్ళింటికి కోడలుగా వచ్చింది. వాళ్ళింటి కప్పేం కూలిపోలేదు. వాళ్ళలా నాస్తికులు కమ్మని నేననడం లేదు. మీ దేవుడు మీకుండనివ్వండి. మీ పిల్ల స్నేహితురాలు దానికి ఉండనివ్వండి, చాలు.

"మరి పిల్ల మంచిదో చెడ్డదో తెలుసుకోవద్దా?" తప్పకుండా తెలుసుకోవాలి. కాని కులం వింటే మంచి చెడ్డా తెలుస్తాయా? మన కులంలో అబద్ధాలాడే పిల్లలు, అప్పు చేసి ఎగ్గొట్టే పెద్దలు లేరా? ఆ పిల్ల మాటతీరు చూడండి. మీ అమ్మాయికి జ్వరమొస్తే నోట్సు రాసి తెచ్చిందా లేదా చూడండి. ఎవరి గురించైనా వెనకాల చెడ్డగా మాట్లాడుతుందా గమనించండి. సందేహముంటే ఓ ఆదివారం వాళ్ళమ్మని పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఇవన్నీ తల్లి చెయ్యవలసిన పనులే. 'మీరేమిట్లు' అడిగితే ఇవేవీ చెయ్యనక్కర్లేదు. బహుశా మనకి ఆ ప్రశ్న అంత ముద్దు రావడానికి కారణం అదేనేమో!

కనక అమ్మలూ, అత్తయ్యలూ, పిన్నిగార్లూ! ఈసారి మీ అమ్మాయి వెంట కొత్త పిల్ల వస్తే పేరు అడగండి. ఆకలేస్తోందా అని అడగండి. మీ పిల్లకి ఏ కంచంలో పెడతారో అలాంటి కంచంలోనే పెట్టండి. ఇంక అడగడానికేం తోచకపోతే, పెద్దయ్యాక ఏమవుతావమ్మా అని అడగండి. దానికి జవాబు మాత్రం ఏ ఇంటిపేరులోనూ దొరకదు.