ఆటలు ముగిసిన మర్నాడు

ఉత్సవం ఎంత వైభవంగా జరిగినా, దాని అసలు విలువ అది ముగిసిన మర్నాడే తెలుస్తుంది. రాయచోటి వీరభద్రస్వామి బ్రహ్మోత్సవాలు ముగియగానే అంగళ్లు లేచిపోతాయి, సందడి సద్దుమణుగుతుంది, వీధులు చిన్నబోతాయి. అయినా ఆ దిగులు తాత్కాలికమే. ఏడాది తిరిగేసరికి స్వామివారి తేరు మళ్లీ కదులుతుందన్న భరోసా ఆ ఊరికి ఉంది. పెద్ద క్రీడోత్సవానికి ఆతిథ్యమిచ్చిన నగరానికి అటువంటి భరోసా లేదు. క్రీడలు మరొక నగరానికి తరలిపోతాయి. మైదానాలు మాత్రమే మిగులుతాయి.

హైదరాబాదు నగరం ఈ అనుభవాన్ని చవిచూసింది. 2002 డిసెంబరులో జరిగిన 32వ జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో బాలయోగి పేరిట విశాలమైన క్రీడా ప్రాంగణం వెలసింది. 2003 అక్టోబరు 24 నుండి నవంబరు 1 వరకు తొలి ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. 96 దేశాలు పాల్గొన్న ఆ పోటీలలో భారతదేశం 19 స్వర్ణాలతో చైనా తరువాత రెండవ స్థానంలో నిలిచింది. పదహారేళ్ల సానియా మీర్జా నాలుగు స్వర్ణాలు సాధించింది. ముగింపు వేళ నగరంలో గర్వం, అలసట, వెలితి ఒక్కసారే నెలకొనడం సహజం. రెండవ ఆఫ్రో-ఆసియా క్రీడలు మాత్రం మరి జరగనే లేదు.

ఇటువంటి ఉత్సవాల వల్ల రహదారులు, భవనాలు, కీర్తి సమకూరుతాయని కొందరంటారు. అది కొంతవరకు సత్యమే. కానీ కీర్తికి కట్టే మూల్యాన్ని విస్మరించరాదు. 1976 ఒలింపిక్స్ కోసం చేసిన అప్పు తీర్చడానికి మాంట్రియల్ నగరానికి 2006 వరకు, అంటే ముప్ఫై ఏళ్లు పట్టింది. 2004 క్రీడల అనంతరం ఏథెన్సులో పలు వేదికలు పాడుబడ్డాయి. కట్టడం ఒక్కటే క్రీడాకారులను తయారుచేయదని ఇవి చాటుతున్నాయి.

నిత్యసాధన ఏమి సాధించగలదో గచ్చిబౌలిలోనే మరొక తార్కాణం ఉంది. 2008లో అక్కడ పుల్లెల గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీ ప్రారంభమైంది. గోపీచంద్ శిక్షణలో సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం గెలిచారు. ఈ పతకాల వెనుక ఉన్నది ముగింపు సభల బాణసంచా కాదు. తెల్లవారుజామున మొదలయ్యే కఠోర అభ్యాసం, వెన్నంటి నిలిచే గురువు.

ఈ భాగ్యం మహానగరానికే పరిమితమైతే ఉత్సవం అసంపూర్ణమే. రాయలసీమ మెట్ట పొలాల గట్లపై పరుగెత్తే పిల్లలలో బలానికీ, పట్టుదలకూ కొరత లేదు. వారికి కావలసినది చదునైన మైదానం, పనిముట్లు, ప్రతిదినం వచ్చే శిక్షకుడు. పది దినాల వేడుకకు వెచ్చించే ధనంలో కొంతైనా చిన్న పట్టణాలకు చేరడం న్యాయం.

కనుక ఆతిథ్య నగరం ఘనతను పతకాల పట్టికతోనో, ప్రేక్షకుల సంఖ్యతోనో కొలవడం తగదు. అతిథులు వెళ్లిన మర్నాడు ఆ మైదానం ద్వారాలు ఎవరి కోసం తెరుచుకున్నాయన్నదే సరైన కొలమానం.