ప్రభయొద్ద పాటలు వేయు పిల్ల



ఈ మాసము నాకందిన లేఖలలో నరసరావుపేట ప్రాంతమునుండి యొక తల్లి వ్రాసినది నన్ను మూడునాళ్లు వదలలేదు. పేరు వెల్లడింపవలదని కోరినది గనుక చెప్పను. వారికి మిరపచేను కలదు. కుమార్తె గుంటూరులో చదువుచున్నది. నిరుడు కళాశాల వార్షికోత్సవమున ఆ పిల్ల డీజేగా గంటసేపు పాటలు నడిపి అందఱి మెప్పును పొందినదట. అది విని ఊరి యువకులు, రాబోవు శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో తమ ప్రభయొద్ద కూడ పాటలు వేయుమని యడిగిరి. పిల్ల సరేయన్నది. తండ్రి వల్లకాదన్నాడు. అప్పటినుండి యింట తండ్రియు కూతురును మాటలాడుకొనుట లేదు. “అన్నము వడ్డించుచు ఇద్దఱి మొగములు చూడలేకున్నాను. నేనెవరి పక్షమున నిలువవలెను?” అని ఆ తల్లి యడుగుచున్నది.

కోటప్పకొండను చూడని వారికి ముందుగా కొంత చెప్పవలెను. 2022లో నేర్పడిన పల్నాడు జిల్లాలో, నరసరావుపేటకు చేరువనున్నదా కొండ. మూడు శిఖరములు గలది గనుక త్రికూటము. అందు వెలసినవాడు త్రికోటేశ్వరస్వామి. ఆయనను కొలిచిన గొల్లభామకు కూడ ఆ కొండమీద గుడి కలదు. శివరాత్రికి చుట్టుప్రక్కల పల్లెలవారు మ్రొక్కుగా ప్రభలను కట్టి తెత్తురు. ఎత్తైన చట్రమును బండిపై నిలిపి, రంగుగుడ్డలతో అలంకరించి, త్రాళ్లతో నిలువరించుకొనుచు నడిపించుట చూచినవారికి గుండె గొంతులోనికి వచ్చును. పూర్వము ఎడ్లు లాగెడివి. ఇప్పుడు ట్రాక్టరులు వచ్చినవి, విద్యుద్దీపములు వచ్చినవి, జనరేటరులు వచ్చినవి. మా ప్రభ పొడవా, మీ ప్రభ పొడవా యని ఊళ్లకు ఊళ్లు పోటీపడును.

ఆ దినములలో మన పల్లెలలో మిరపకోతలు ముమ్మరముగ నుండును. కల్లములన్నియు ఎఱ్ఱని తివాసీలవలె నుండును. పగలెల్ల నడుము వంచి కాయ కోసి, ఘాటుకు తుమ్మి, చేతులు మండుచుండగా ఇల్లు చేరు స్త్రీలకు ఆ యొక్క రాత్రి కొండక్రింది మైదానమున కూర్చుండి దీపములు చూచుట ఎంత సంతోషమో వేఱుగ చెప్పనేల? ఆ పిల్ల పాటలు వేయవలసినది వారి యెదుట.

తండ్రి భయమును నేను పరిహసింపను. ప్రభల వేదికలపై జరుగు రికార్డింగు డ్యాన్సులను గూర్చి పెద్దలు నొచ్చుకొనుట క్రొత్త కాదు. అట్టి చోట తన బిడ్డ నిలుచుట ఆయనకు కంటకముగ తోచుటలో వింత లేదు. అయితే ఆయన రెండు పనులను ఒక్కటిగ కలిపి చూచుచున్నాడేమో యని నా సందేహము.

నిజము చెప్పవలెనన్న, డీజే పని యన నేమో మొన్నటివరకు నాకును తెలియదు. ఒరులు పాడిన పాటలను పెట్టెలో వేసి తాను చేతులూపుట ఏమి విద్య యని నవ్వుకొనెడిదానను. మా బంధువుల పిల్లవాడొకడు తన పరికరమును తెచ్చి చూపినపుడు నా నవ్వు ఆగినది. రెండు పళ్లెములవంటి చక్రములు. ఒకదానిపై నడుచు పాటను జనము వినుచుందురు. రెండవదానిపై రాబోవు పాటను అతడు హెడ్‌ఫోనును ఒక చెవికి పెట్టుకొని తానొక్కడే వినును. మొదటి పాట నిమిషమునకు 120 దెబ్బల నడకగలది, రెండవది 126 అనుకొనుడు. రెండింటి నడకను సమముచేసి, తాళము తాళముపై పడునట్లు నిలిపి, వినువారికి అతుకు తెలియకుండ ఒకదానినుండి మఱియొకదానికి దాటింపవలెను. నన్ను ప్రయత్నింపుమన్నాడు. రెండు దప్పులను ఇద్దఱు పగవారు మ్రోగించినట్లుండెను.

అతుకుకంటె కష్టమైనది పాటను ఎంచుట. అది రెండవ చెవి పని; ఆ చెవి జనముమీద నుండవలెను. ఈ విద్య మన జిల్లాలకు తెలియనిదా? పొన్నెకల్లులో పుట్టి 1986లో పద్మశ్రీ నందిన షేక్ నాజరుగారి బుర్రకథను విన్నవారిని అడిగి చూడుడు. సభ అలసినదని తోచినచోట హాస్యమునకు తిరుగుట, కన్నులు చెమర్చినచోట తాళమును తగ్గించుట మేలైన కథకుని లక్షణము. స్త్రీలు నలుగురిలో నిలిచి కథ చెప్పుటేమిటని లోకమనుకొను దినములలోనే, 1940 దశకమున, మోటూరి ఉదయముగారు స్త్రీల బుర్రకథ దళమును నడిపిరి.

డీజేల చరిత్రలో అందఱు చెప్పుకొను రాత్రి వెనుక కూడ ఒక ఆడపిల్ల యున్నది. 1973 ఆగస్టు 11వ తేదీన న్యూయార్కు నగరమున, బ్రాంక్సు అను భాగములో సిండీ కాంబెల్ అను బాలిక, బడి తెఱచునాటికి బట్టలు కొనుటకు సొమ్ము కావలసి, తాము నివసించు భవనములోనే యొక వేడుకను తలపెట్టినది. ఆడపిల్లలకు ప్రవేశరుసుము 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేయుటకు తన యన్న క్లైవును పిలిచినది. లోకమతనిని డీజే కూల్ హెర్క్ అని యెఱుగును. గాత్రమాగి వాద్యములు మాత్రమే మ్రోగుచోట జనము మిక్కిలి యుత్సాహముతో నాడుటను అతడు కనిపెట్టెను. ఆ భాగము కొన్ని క్షణములదే. దానిని పొడిగించుటకై ఒకే రికార్డు ప్రతులు రెండు పెట్టుకొని, ఒకదానిలో నది ముగియగనే రెండవదానిలో నెత్తుకొనుచుండెను. హిప్‌హాప్ అను సంగీతమునకు ఆ వేడుకయే పుట్టినిల్లని చెప్పుదురు. పేరు అన్నకు వచ్చినది. లెక్కలు చూచుకొన్న చెల్లెలిని తలచువారు తక్కువ.

ఇంతవరకు పిల్ల పక్షమున పలికితిని. ఇక తండ్రికి తోచని యభ్యంతరము నాకొకటి కలదు.

రెండేండ్ల క్రిందట మా బంధువుల యింటి పెండ్లి ఊరేగింపులో డీజే బండి మా యిల్లు దాటుటకు అరగంట పట్టెను. కిటికీ అద్దములు వణకెను. గుండెజబ్బుతోనున్న మా పెద్దమ్మను నడవనుండి వెనుక వంటింటిలోనికి చేర్చి, చెవులలో దూది పెట్టితిమి. నా చెవులలో మఱునాటి సాయంకాలమువఱకు హోరు తగ్గలేదు. 85 డెసిబెల్ శబ్దమును దినమునకు 8 గంటలకు మించి వినరాదని అమెరికాలోని వృత్తి ఆరోగ్యసంస్థ లెక్క. మూడేసి డెసిబెల్లు పెరిగినకొలది ఆ కాలము సగమగుచు వచ్చును. 100 కడ పావుగంట మాత్రమే. వేడుకలలో ఏ పావుగంట సగటు చూచినను 100 దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో చెప్పినది. మన దేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములనుబట్టి రాత్రి 10 మొదలు ఉదయము 6 వఱకు ఆరుబయట మైకులు మ్రోగరాదు. పండుగలకై ప్రభుత్వము 12 వఱకు సడలింపవచ్చును గాని, అదియును ఏటికి 15 దినములకు మించరాదు.

మైదానమున ప్రభ ప్రక్కన ప్రభ యుండును. ఎత్తులో పోటీపడినవారు శబ్దములో పోటీపడకుందురా? ఒకరు పెంచిన ప్రక్కవారు పెంచుదురు. చివరకు ఎవరి పాటయు ఎవరికిని వినబడదు; ముందు వరుసలో చాపలమీద కూర్చున్న తల్లుల ఒడిలో పసిబిడ్డలు ఉలికిపడి యేడ్తురు.

కావున అమ్మా, మీ అమ్మాయిని మీరు ఒక్క ప్రశ్న యడుగుడు. ఆ రాత్రి శబ్దము పెంచు మీట ఎవరి చేతిలో నుండును? తన చేతిలోననునేని, “ఇంకా పెంచు” అని కుఱ్ఱవాండ్రు కేకలు వేసినపుడు పెంచనని చెప్పగలదా? వేళ మించగనే ఆపగలదా? ఏ పాట వేయవలెనో, ఏది వేయరాదో నిర్ణయము తనదేనా? ఈ మాటలు ఆ యువకులతో, ఊరిపెద్దల యెదుట, ఇప్పుడే ఖాయపఱచుకొనవలెను. ప్రభ లేచిన పిదప ఎవరును వినరు. వారొప్పుకొనరేని, ఈ యేటికి మానుకొమ్మని నేనే చెప్పుదును. అది తండ్రి గెలుపు కాదని మాత్రము ఆమెకు నచ్చజెప్పుడు.

వారొప్పుకొనిరేని మీరు పిల్ల పక్షమున నిలువుడు. మీవారితో వాదింపవలదు. పరికరమును ఒకసారి యింటికి తెప్పించి, ఆయన చెవికి ఆ హెడ్‌ఫోనును పెట్టింపుడు. నాకు నవ్వాగినట్లు ఆయనకు కోపమాగునేమో చూతము. తిరునాళ్లకు ఆయనను కూడ తీసికొనిపొండు. పెట్టెలకు ఎదురుగ గాక ప్రక్కగ, దూరముగ కూర్చుండుడు. చెవులలో పెట్టుకొను బిరడాలు మందులషాపులలో దొరకును, పిల్లకు తప్పక కొనియిండు.

మీ చేలో కాయ కోయు స్త్రీలు కూడ ఆ రాత్రి వత్తురు గదా. ఏ పాటకు వారు చాపమీదనుండి లేచిరో చూచి నాకు వ్రాయుడు.