చట్టం – మీరు: స్టాంపు కాగితం మీద సంతకాలు పెడితే విడాకులు అయిపోయినట్లేనా?

నెల్లూరు జిల్లా కొండాపురం దగ్గరి పల్లె నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఈ వారం మా ముందుంది. పేరు వేయవద్దని కోరింది గనుక వేయడం లేదు. ఆమె రాసిన సంగతి ఇది.

"అక్కా! ఏడేళ్ళ కిందట నన్ను బద్వేలు పక్క ఊరికి ఇచ్చారు. ఆరేళ్ళ పాప ఉంది. తాగొచ్చి కొడుతుంటే తట్టుకోలేక మూడేళ్ళ నుంచి అమ్మ దగ్గరే ఉంటున్నాను. పోయిన ఏడు రెండు పక్కల పెద్దమనుషులు కూర్చుని, మీకూ మీకూ ఇక సంబంధం లేదని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. భరణం అడగనని కూడా అందులో ఉందంట. నాకెవరూ చదివి వినిపించలేదు. నగలు తిరిగి రాలేదు. ఆయన అప్పుడే ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పుడు మా అన్న నాకొక సంబంధం చూశాడు. వచ్చే మాఘంలో ముహూర్తం అంటున్నారు. అబ్బాయి మంచివాడే. కాగితం ఉంది కదా, కోర్టు ఎందుకు అంటున్నారు అందరూ. నాకెందుకో గుండె దడగా ఉంది. ఏం చేయమంటారు?"

అమ్మా, మీ గుండె దడకు కారణం ఉంది. ముందుగా ఒక్క మాట. ఆ కాగితంతో మీకు విడాకులు రాలేదు. చట్టం దృష్టిలో మీరు ఈ రోజుకీ ఆయన భార్యే. కోర్టు డిక్రీ చేతికి రాకుండా మాఘంలో పెళ్ళిపీటల మీద కూర్చోవద్దు.

కాగితం ఎందుకు చెల్లదు?

1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్ళిని రద్దు చేసే అధికారం కోర్టుకే ఉంది. పెద్దమనుషులు నచ్చజెప్పవచ్చు, రాజీ చేయవచ్చు. అంతవరకే. స్టాంపు కాగితమైనా, నోటరీ ముద్ర వేయించినా అది మీ ఇద్దరి మధ్య ఒప్పందం అవుతుందే గాని విడాకులు కాదు.

"మా కులంలో తాతల నాటి నుంచీ ఇదే ఆచారం" అని కొందరు అంటారు. నిజమే, మారుమనువు ఆచారమున్న కులాలు మనలో చాలా ఉన్నాయి. మన నెల్లూరు ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, 1949లోనే హిందువులకు కోర్టు ద్వారా విడాకులిచ్చే చట్టం వచ్చింది. 1955 చట్టం కూడా కుల ఆచారపు విడాకులను పూర్తిగా కొట్టివేయలేదు, 29వ సెక్షన్‌లో వాటికి చోటు ఉంచింది. కాని ఆ ఆచారం తరతరాలుగా తెగకుండా నడుస్తోందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. రుజువు కాకపోతే కాగితం నిలవదని సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. పెళ్ళయ్యాక, తగాదా వచ్చాక, అప్పుడు పోయి రుజువు చేసుకుందాంలే అనుకోవడం ప్రమాదం.

హైదరాబాదులో ఒకామెకు జరిగింది వినండి

ఇది ఊహించి చెబుతున్నది కాదు, కోర్టు తీర్పులో ఉన్నదే. హైదరాబాదులో 1999లో ఒకామెకు పెళ్ళయింది, కొడుకు పుట్టాడు. భార్యాభర్తలకు కుదరక 2005 నవంబరులో విడిపోతున్నామని ఒప్పందం రాసుకున్నారు. కోర్టుకు వెళ్ళలేదు. కొద్ది రోజులకే ఆమె పొరుగున ఉండే ఒకాయనను పెళ్ళాడింది. కొన్నాళ్ళకే ఆయన ఈ పెళ్ళి చెల్లదని ఫ్యామిలీ కోర్టుకెళ్ళి రద్దు చేయించుకున్నాడు. మళ్ళీ మనసు మార్చుకుని 2006లో ఆమెనే రెండోసారి పెళ్ళి చేసుకున్నాడు. రిజిస్ట్రేషన్ కూడా అయింది. 2008లో కూతురు పుట్టింది.

తర్వాత మళ్ళీ తగాదాలు. ఆమె భరణం అడిగింది. ఫ్యామిలీ కోర్టు ఆమెకు నెలకు 3,500, పాపకు 5,000 రూపాయలు ఇమ్మంది. 2017లో హైకోర్టు, పాపకు సరేగాని, మొదటి పెళ్ళి చట్టప్రకారం రద్దు కాలేదు కాబట్టి ఈమె భార్యే కాదు పొమ్మంది. చివరికి 2025 జనవరి 30న సుప్రీంకోర్టు ఆమె వైపు తీర్పు చెప్పింది. ఆ ఒప్పందం విడాకుల డిక్రీ కాదని ఒప్పుకుంటూనే, అంతా తెలిసి రెండుసార్లు పెళ్ళాడిన మనిషి భరణం దగ్గర తప్పించుకోరాదని చెప్పింది.

"అయితే కాగితంతో పెళ్ళి చేసుకున్నా ఆఖరుకు న్యాయం జరుగుతుందన్నమాట" అనుకునేరు. నెలకు 3,500 రూపాయల కోసం ఆమె ఢిల్లీ దాకా ఎక్కాల్సి వచ్చింది. అప్పుడే కోర్టులో విడాకులు తీసుకుని ఉంటే "నువ్వు భార్యవే కాదు" అన్న మాట పడేదే కాదు కదా! పైగా ఆ తీర్పు భరణం వరకే, ఆ రెండో పెళ్ళి చెల్లుతుందని కోర్టు చెప్పలేదు.

మొదటి పెళ్ళి ఉండగా చేసుకున్న పెళ్ళి చట్టం ముందు పెళ్ళే కాదు. అది నేరం కూడా. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు పడవచ్చు. ఇది ఆడవారికీ మగవారికీ ఒకటే. అంటే మీ ఆయన చేసుకున్న రెండో పెళ్ళి కూడా చెల్లదు. డిక్రీ అవసరం మీకెంత ఉందో ఆయనకూ అంతే ఉంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ఇద్దరూ ఒప్పుకుంటే

ఇదే సుళువైన దారి. హిందూ వివాహ చట్టంలో 13-బి సెక్షన్ అంటారు. ఏడాదిగానో అంతకు మించో విడిగా ఉంటున్న దంపతులు ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. మీరు మూడేళ్ళుగా విడిగానే ఉన్నారు. కోర్టు మొదట ఇద్దరి మాటలూ నమోదు చేసుకుంటుంది. ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలల లోపల మళ్ళీ ఇద్దరూ వచ్చి "మా మాట అదే" అని చెబితే డిక్రీ ఇస్తుంది. ఈలోపు ఎవరు మనసు మార్చుకున్నా ఈ దారి మూసుకుంటుంది.

ఆ ఆరు నెలలూ ఆగితీరాల్సిందేనా? అక్కర్లేదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు ఫలించక, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే జడ్జిగారు ఆ గడువు మాఫీ చేయవచ్చు. దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి. ఇవ్వడం, ఇవ్వకపోవడం జడ్జిగారి ఇష్టం.

సంతకం పెట్టేముందు పిటిషన్‌లో ప్రతి ముక్కా చదివించుకోండి. నగలు ఎప్పుడిస్తాడు, పాపకు నెలకు ఎంత, పాప ఎవరి దగ్గర ఉంటుంది, తండ్రి ఎప్పుడు చూడవచ్చు, ఇవన్నీ అందులోనే రాయించుకోవాలి. "తర్వాత ఇస్తాంలే" అన్న మాట డిక్రీ వచ్చాక గాలికి పోతుంది.

ఆయన ఒప్పుకోకపోతే

అప్పుడు మీరొక్కరే 13వ సెక్షన్ కింద పిటిషన్ వేయవచ్చు. కొట్టి హింసించడం, ఇంకొకరితో సంబంధం, రెండేళ్ళకు పైగా వదిలేయడం, ఇవన్నీ విడాకులకు కారణాలే. భార్యకు మాత్రమే ఉన్న మరో కారణం చాలామందికి తెలియదు. భర్త మీద మనోవర్తి ఆర్డరు వచ్చి, ఆ తర్వాత ఏడాది పాటు కలిసి కాపురం లేకపోతే, ఆ ఒక్క సంగతి మీదే ఆమె విడాకులు అడగవచ్చు.

పిటిషన్ పడ్డాక ఆయనకు నోటీసు వెళుతుంది. కోర్టు రాజీకి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే ఆయన జవాబు, సాక్ష్యాలు, లాయర్ల ప్రశ్నలు, వాదనలు, ఆపైన తీర్పు. నోటీసు అందినా ఆయన రాకపోతే మీ సాక్ష్యం విని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇవ్వవచ్చు. వాయిదాలు పడతాయి, ఓపిక కావాలి. తీర్పు వచ్చిన మర్నాడే పెళ్ళి పెట్టుకోవద్దు. హిందూ వివాహ చట్టంలో అప్పీలుకు 90 రోజుల గడువు ఉంది. అది దాటిందని, అప్పీలు పడలేదని లాయరుతో రూఢి చేసుకున్నాకే ముహూర్తం.

బద్వేలు పోవాల్సిన పని లేదు

పెళ్ళి అక్కడ జరిగింది గనుక కేసు కూడా అక్కడే వేయాలనుకుంటారు. 2003లో చట్టం మార్చారు. భార్య తాను ఇప్పుడు ఉంటున్న ప్రాంతపు కోర్టులోనే వేసుకోవచ్చు. ఫ్యామిలీ కోర్టు పరిధిలో ఉంటే అక్కడ, లేకుంటే సబ్ కోర్టు అని మనం పిలిచే సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో.

లాయరు ఫీజు ఎలా అని దిగులు పడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. 15100 నంబరుకు ఫోను చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. లేదా మండల న్యాయసేవల కమిటీలో గాని, నెల్లూరు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గాని అర్జీ ఇవ్వండి. వాళ్ళు పెట్టిన లాయరుకు మీరు ఫీజు ఇవ్వనక్కర్లేదు.

భరణం, నగలు, పాప

భరణం అడగనని రాసినా, చట్టం ఇచ్చిన హక్కు ఆ కాగితంతో పోదు. పాప భరణం వదులుకునే హక్కు తల్లికి కూడా లేదు. అయితే ఒక చిక్కు ఉంది. ఇద్దరి ఇష్టంతో విడిగా ఉంటే భార్యకు భరణం రాదని చట్టంలో ఒక మాట ఉంది. ఆ కాగితం చూపించి ఆయన లాయరు అదే వాదిస్తాడు. ఆయన ఇంకో పెళ్ళి చేసుకున్నాడు కాబట్టి మీరు కాపురానికి వెళ్ళకపోవడం న్యాయమేనని కూడా అదే చట్టం చెబుతోంది. అందుకని ఆ కాగితం చించేయవద్దు, దాచనూ వద్దు. మీ లాయరుకు ముందే చూపించండి. ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్పడానికి అదే సాక్ష్యం కూడా.

పాత 125వ సెక్షన్ ఇప్పుడు నాగరిక్ సురక్షా సంహితలో 144వ సెక్షన్ అయింది. మీరు ఉంటున్న ఊరి పరిధిలోనే వేసుకోవచ్చు. అర్జీ పెట్టిన తేదీ నుంచి లెక్కగట్టి భరణం ఇవ్వాలని, ఇద్దరూ ఆస్తి, ఆదాయం ప్రమాణపత్రంలో చూపాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మీరు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మీ భరణం ఆగిపోవచ్చు గాని పాపది ఆగదు.

పుట్టింటివారు మీకు పెట్టిన నగలు మీ స్త్రీధనం. అత్తవారింట్లో ఉన్నంత మాత్రాన వాళ్ళవి కావు. 2005 నాటి గృహహింస చట్టం కింద తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును అడగవచ్చు. పాప విషయంలో కోర్టు చూసేది పాప మేలు. ఇన్నాళ్ళూ పెంచింది మీరే, బడికి పంపుతున్నది మీరే అన్నది మీకు బలం.

ఉదయగిరి, ఆత్మకూరు పక్క ముస్లిం, క్రైస్తవ సోదరీమణులు కూడా ఈ పేజీ చదువుతారు. వారి విడాకుల చట్టాలు వేరు. ఒక్కసారిగా మూడుసార్లు తలాక్ చెప్పడం 2019 నాటి చట్టం ప్రకారం నేరం. తలాక్ పొందిన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షన్ కింద భరణం అడగవచ్చని తెలంగాణ నుంచి వచ్చిన కేసులో 2024 జూలైలో సుప్రీంకోర్టు చెప్పింది. క్రైస్తవులకు 1869 నాటి చట్టాన్ని 2001లో సవరించి, ఇష్టపడి విడిపోయే దారి ఇచ్చారు.

ఈ వారమే సర్దిపెట్టుకోండి

పెళ్ళి శుభలేఖ, పెళ్ళి ఫొటోలు, ఇద్దరి ఆధార్ జిరాక్సులు, పాప పుట్టిన సర్టిఫికెట్, ఆ స్టాంపు కాగితం, దెబ్బలకు ఆసుపత్రిలో చూపించుకున్న చీటీలు, నగల బిల్లులు. బిల్లులు లేకుంటే ఏ నగ ఎన్ని సవర్లో అమ్మను అడిగి ఒక జాబితా రాయండి, పెళ్ళి ఫొటోల్లో కనిపించేవి గుర్తు పెట్టండి. అన్నీ రెండేసి జిరాక్సులు తీసి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. ఏ పెద్దమనిషి అడిగినా అసలువి ఇవ్వకండి.

ఇక మీ అన్నగారితో మాట్లాడటం. ఆయన మీ మేలు కోరే తొందరపడుతున్నారు, కోపం వద్దు. ఈ పేజీ ఆయన చేతికిచ్చి చదవమనండి. ఆ పెద్దమనుషుల ద్వారానే మీ ఆయనకు కబురు పెట్టించండి, డిక్రీ లేకపోతే ఆయన రెండో పెళ్ళికీ విలువ లేదని. డిక్రీ వచ్చాక ఆయనా మళ్ళీ చట్టప్రకారం చేసుకోవాల్సిందే. ఈ మాట తెలిస్తే ఇద్దరూ కలిసి పిటిషన్ వేయడానికి ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఆ అబ్బాయికీ ఉన్నదున్నట్లు చెప్పండి. మంచివాడే అని రాశారు కదా, మంచివాడైతే డిక్రీ దాకా ఆగుతాడు. మాఘం పోతే వైశాఖం వస్తుంది. పెళ్ళి ఆలస్యమైతే నలుగురూ నాలుగు మాటలు అంటారు, నాలుగు రోజులకు మరిచిపోతారు. చెల్లని పెళ్ళి చేసుకుంటే ఆ మాట మీరూ మీకు పుట్టబోయే బిడ్డా ఏళ్ళ తరబడి మోయాలి. ముందు డిక్రీ, తర్వాతే ముహూర్తం. ధైర్యంగా ఉండండి. కోర్టులో నంబరు పడగానే మాకొక కార్డు ముక్క రాయండి.