మట్టిబాట ఎంచుకునే ముందు

డర్ట్ బైక్ మోజు మన కుర్రకారునూ పట్టుకుంది. చెరువుగట్లు, క్వారీ గుంతలు, అడవి దారులు దానికి తావులు కావు; అందుకు ప్రత్యేక పార్కులున్నాయి. 2015లో డాకర్ ర్యాలీ అనే కఠినమైన మోటారు పందెం పూర్తిచేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ కోలార్ ప్రాంతంలో బిగ్ రాక్ డర్ట్ పార్కు నెలకొల్పారు. అంతటి ఆరితేరిన రైడరే 2021 డాకర్‌లో పడితే, తలకు తగిలిన దెబ్బకు వైద్యులు ఆయన్ను కృత్రిమ కోమాలో ఉంచాల్సి వచ్చింది. అందుకే దిబ్బల ఎత్తు చూసి పార్కును ఎంచుకోవద్దు. కొత్తవారికి వేరే ట్రాకు ఉందా? బళ్లన్నీ ఒకే దిశలో వెళ్తున్నాయా? ఎవరైనా పడితే వెనకొచ్చేవారికి పసుపు జెండా ఊపే మనిషి ఉన్నాడా? హెల్మెట్, ఛాతీ కవచం, పొడుగు బూట్లు లేనివారిని గేటు దగ్గరే ఆపుతున్నారా? అంబులెన్సు కనబడకపోతే, డబ్బు కట్టేసినా సరే, బండి దించకుండా వెనక్కి వచ్చేయండి.