565 ఓట్ల లెక్క

ఓడింది 565 ఓట్లతో. ఓడినాయన సామాన్యుడు కాదు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వెళ్లి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ చూసిన వి.వి.గిరి. 1957లో ఆయన పార్వతీపురంలో కాంగ్రెస్ తరఫున నిలబడ్డారు. అప్పట్లో పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండేది.

అది ఇద్దరు ఎంపీల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. రెండూ ఒకరికే గుద్దేయడం కుదరదు. బరిలో నలుగురు, అందులో ఇద్దరు గిరిజనులు.

లెక్కింపులో ముందు గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లొచ్చిన వారికి రిజర్వుడు సీటు ఇవ్వాలి. అది బిడ్డిక సత్యనారాయణ దొరకు దక్కింది. ఆ తర్వాత మిగిలిన ముగ్గురిలో ఎవరు ముందుంటే వారిదే రెండో సీటు. డిప్పల సూరిదొరకు 1,24,604 ఓట్లు. గిరికి 1,24,039. అలా రెండు సీట్లూ గిరిజనులకే వెళ్లాయి.

రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసిన మనిషికి జనరల్ సీటు ఎలా ఇస్తారని గిరి కోర్టుకెక్కారు. 1959లో సుప్రీంకోర్టు ఆయన వాదనను ఒప్పుకోలేదు. రిజర్వేషన్ అంటే కనీసం ఒకరు ఉండాలనేగానీ, ఒకరికి మించకూడదని కాదన్నది ఆ తీర్పు సారం.

అవే ఓట్లను రెండు సీట్లకూ విడివిడిగా లెక్కిస్తే జనరల్ సీటు గిరిదే! మరి రూలు తప్పా? అంత తేలిక కాదు. రూలు మారితే ఓటరూ మారతాడు. గిరి అభిమాని ఒకరు తన రెండో ఓటు సూరిదొరకు వేశారనుకుందాం. ఆ ఓటు చివరికి గిరికే అడ్డం పడింది. ఇది ముందే పసిగట్టినవారు రెండో ఓటు వేయకుండా ఊరుకునేవారు. మనసులో ఒకటి, బ్యాలెట్‌లో ఒకటి అన్నమాట.

ఇలా అవసరం లేని పద్ధతి ఉందా? లేదని గిబ్బార్డ్ 1973లో, శాటర్త్‌వైట్ 1975లో గణితంతో నిరూపించారు. గెలిచే వీలున్నవారు ముగ్గురో అంతకన్నా ఎక్కువమందో ఉంటే, ఒక్కరి మాటే చెల్లే నియంత పద్ధతిలో తప్ప, మిగతా ఏ పద్ధతిలోనైనా ఎవరో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు ఎత్తుగడ ఓటే లాభం.

ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలను 1961లో చట్టం చేసి రద్దు చేశారు. గిరి కథ మాత్రం అక్కడితో ఆగలేదు. 1969 ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నిక. ప్రధాన ప్రత్యర్థి మరో తెలుగాయన, నీలం సంజీవరెడ్డి. గెలవాలంటే 4,18,169 ఓట్ల విలువ కావాలి. మొదటి ప్రాధాన్యంలో గిరికి వచ్చింది 4,01,515. చాల్లేదు. రెండో ప్రాధాన్యాలు కలిశాక లెక్క తేలింది: గిరికి 4,20,077, రెడ్డికి 4,05,427.

పార్వతీపురంలో రెండో ఓటు మొదటి ఓటు మీదే పోటీకి దిగేది. రాష్ట్రపతి ఎన్నికలో అలా కాదు. మొదట మెచ్చిన అభ్యర్థి తప్పుకున్నాకే రెండోది లెక్కకొస్తుంది. ఒక లెక్క గిరిని ఓడించింది, ఇంకో లెక్క రాష్ట్రపతి భవన్‌కు పంపింది.

అందుకే ఎవరు గెలిచారని అడిగేముందు, ఎలా లెక్కపెట్టారని కూడా అడగాలి.