బంట్రోతు గుండె

"మనసును అదుపులో పెట్టుకో, జబ్బు దరికి రాదు" అని చెప్పే హితబోధకులకు కరువు లేదు. ఆందోళన వ్యక్తి బలహీనత అనీ, ధ్యానంతో దాన్ని జయించవచ్చుననీ వారి వాదం. బాధ్యతలు మోసే పెద్ద అధికారులకే గుండెపోటు యెక్కువన్న నమ్మకం దీనికి తోడు. యీ మాటల్లో నిజమెంత?

లండన్‌లోని వైట్‌హాల్ ప్రభుత్వోద్యోగుల మీద 1967లో ఒక పరిశోధన మొదలయింది. సుమారు 18,000 మంది పురుషుల ఆరోగ్యాన్ని యేళ్ల తరబడి గమనించారు. తేలిందేమిటి? గుండెజబ్బు మరణాల రేటు అత్యున్నతాధికారుల్లో కంటే బంట్రోతులు, ద్వారపాలకులున్న అట్టడుగు శ్రేణిలో మూడు రెట్లకు పైగా ఉంది! కింది వారిలో పొగతాగే అలవాటు యెక్కువన్నది నిజమే. కాని పొగ, రక్తపు పోటు, కొలెస్టరాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడాలో సగానికి పైగా మిగిలే ఉంది. వీరెవరూ నిరుద్యోగులు కారు. అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. స్త్రీలను కూడా చేర్చుకుని 1985లో ప్రారంభించిన రెండవ పరిశోధన మరొక సంగతి బయటపెట్టింది: తన పని మీద తనకు అధికారం లేనివారికి గుండెజబ్బు బెడద హెచ్చు.

యిందులో మంత్రమేమీ లేదు. ప్రమాదం యెదురైతే శరీరంలో అడ్రినలిన్, కార్టిసాల్ ఊరుతాయి. గుండె వేగం, రక్తంలో చక్కెర పెరుగుతాయి. పోరాడటానికో పారిపోవటానికో అది అవసరమే. కాని రోజూ చీవాట్లు పెట్టే పై అధికారి దగ్గర నుంచి పారిపోతే జీతం పోతుంది, పోరాడితే ఉద్యోగమే పోతుంది. ఆ స్థితి యేళ్ల తరబడి సాగితే గుండె, రక్తనాళాలు చెడతాయి.

అలాగని ప్రతి జబ్బునూ దిగులుకు అంటగట్టరాదు. కడుపులో పుండుకు దిగులే మూలమని చాలాకాలం నమ్మారు. ప్రధాన దోషి ఒక బాక్టీరియా అని కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. ఒత్తిడి సిద్ధాంతానికి 1936లో పునాది వేసిన హాన్స్ సెలై తరువాత పొగాకు కంపెనీల సొమ్ము పుచ్చుకున్నాడు. నేరం సిగరెట్టు మీది నుంచి మనసు మీదికి మళ్లితే లాభం యెవరికో వేరే చెప్పాలా?

ధ్యానం కొందరికి ఊరట నిస్తే ఇవ్వనివ్వండి. కాని పని వేళలు, ఉద్యోగ భద్రత, పని తీరులో కార్మికుని మాటకు విలువ – వీటికి బదులుగా దాన్ని చేతిలో పెడితే, అది వైద్యం కాదు, వంచన.